చెరువు ఒక ఊరిది, నీళ్లు నాలుగూళ్లవి

(హనుమకొండలో ప్రోగ్రామర్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు కలుసుకున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. చదువుకోవడానికి వీలుగా కొద్దిగా సరిచేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. భోజనాలు అయిన వెంటనే నా చేతికి మైకు ఇచ్చారు. ఈ వేళలో సిద్ధాంతంతో మొదలుపెడితే ముందు వరుసవాళ్లు కూడా కునికిపాట్లు పడతారు. అందుకని ముందు మేం పడ్డ ఒక అగచాటు చెబుతాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిలో కొంత మంచి ధర కోసం కోల్డ్ స్టోరేజీల్లో ఆగుతుంది. ఈ సంగతి మీలో చాలామందికి ఇంట్లోవాళ్ల మాటల్లోనే తెలిసి ఉంటుంది. ఆ మధ్య అలాంటి ఒక గోదాము కోసం మేం ముగ్గురం ఒక చిన్న కంట్రోలర్ చేసి పెడతామని ఒప్పుకున్నాం. గది ఉష్ణోగ్రతను కనిపెట్టుకుని ఉండాలి, 8 డిగ్రీలకు చేరితే కూత పెట్టాలి. పని అంతే. బోర్డు తయారీకి పంపిస్తే ఆరు వారాలు పడుతుందన్నారు. అది చేతికి వచ్చేలోపు దాని మీద నడవాల్సిన ప్రోగ్రామ్ రాసి, పరీక్షించి సిద్ధంగా ఉంచుకోవాలి.

లేని బోర్డు మీద ప్రోగ్రామ్ నడపాలంటే ఎమ్యులేటర్ కావాలి. మేం క్యూఎము తీసుకున్నాం. ఫాబ్రీస్ బెల్లార్ 2003లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఇంకో యంత్రాన్ని నిలబెడుతుంది. ప్రాసెసర్, మెమరీ, నెట్‌వర్క్ కార్డు, సీరియల్ పోర్టు అన్నీ ఉన్నాయని లోపల నడిచే ప్రోగ్రామ్‌ను నమ్మిస్తుంది. ఆ లోపలి ప్రోగ్రామ్‌ను గెస్ట్ అంటారు. మన ఇంటికి వచ్చినవాళ్లను అన్నట్టే నేను అతిథి అంటాను.

మా కంట్రోలర్‌లో ఉష్ణోగ్రత కొలిచే చిప్పు టీఎంపీ105. చిప్పులు మాట్లాడుకోవడానికి వాడే ఐ2సీ అనే రెండు తీగల బస్ మీద కూర్చుంటుంది. హద్దు దాటగానే స్థితి మార్చే అలర్ట్ పిన్ను ఒకటి దానికి ఉంది. అదృష్టవశాత్తు క్యూఎములో ఈ చిప్పు నమూనా ముందే ఉంది. తగిలించాం. మా ప్రోగ్రామ్ నడిచింది. బయటినుంచి, క్యూఎముకు ఆదేశాలిచ్చే చోటైన మానిటర్‌లో ఒక ఆదేశంతో ఆ చిప్పు 'టెంపరేచర్' ప్రాపర్టీలో 9000 రాశాను. దాని ప్రమాణం డిగ్రీలో వెయ్యో వంతు, కాబట్టి ఇది 9 డిగ్రీలు. కూత రావాలి. రాలేదు. 12000 రాశాను. రాలేదు. ఎమ్యులేటర్ రాసినవాళ్లనే తప్పు పట్టాను. మనకు అలవాటే కదా, మన ప్రోగ్రామ్‌లో తప్పు ఉండదు, ఉంటే కంపైలర్‌లో ఉంటుంది.

రాత్రి రెండు గంటలకు చిప్పు డేటాషీటు ఒక పక్క, నమూనా కోడు ఒక పక్క పెట్టుకుని చూస్తే తేలింది. ఈ చిప్పు రీసెట్ అయ్యాక దాని పై హద్దు 80 డిగ్రీలు, కింది హద్దు 75. ఆ రెండు హద్దులను 8కి, 7కి మార్చే కోడు వరుసలు మేం అసలు రాయనే లేదు. బోర్డు వచ్చి, గోదాములో బిగించినా అంతే జరిగేది. గది 80 డిగ్రీలకు చేరేదాకా మా యంత్రం నోరు విప్పేది కాదు. అప్పటికి మిర్చి వేపుడయ్యేది. (నవ్వులు)

ఎమ్యులేటర్ అనగానే అందరూ ప్రాసెసర్ ఆదేశాలను ఎలా అనువదిస్తారో అడుగుతారు. అది గొప్ప విద్యే, కాదనను. కానీ నమూనాలు రాసేవాళ్లను ఏళ్ల తరబడి సతాయించేది అది కాదు. చిప్పు, కార్డు లాంటి ఒక డివైస్ గురించి బయటికి ఏం చెప్పాలి, దాన్ని ఎప్పటిదాకా మార్చనివ్వాలి, ఏ డివైస్ ఎవరి సొత్తు, ఎవరికి ఎవరితో పరిచయం మాత్రమే ఉంది అనే ప్రశ్నలు. ఈ రోజు నేను మాట్లాడేది వాటి గురించే.

ముందు ప్రాపర్టీ. హనుమకొండలో ప్రాపర్టీ అంటే ప్లాటు అనుకుంటారు. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. ఒక వస్తువుకు బయటికి కనిపించే పేరున్న గుణం. నేను రాసిన ఆ టెంపరేచర్‌నే కాస్త దగ్గరగా చూద్దాం.

8300 రాశాననుకోండి, అంటే 8.3 డిగ్రీలు. వెంటనే అదే ప్రాపర్టీని చదివితే 8300 రాదు, మూడు నాలుగు తక్కువ వస్తుంది. ఎందుకంటే నమూనా లోపల ఉష్ణోగ్రతను డిగ్రీలో 256వ వంతుల్లో దాచుకుంటుంది. 8.3ను 256తో గుణిస్తే 2124.8. దశాంశం రాలిపోయి 2124 మిగులుతుంది. దాన్ని తిరిగి మార్చినప్పుడు ఆ రాలిపోయింది రాదు. అదే క్షణంలో లోపలి అతిథి ఐ2సీ మీద చిప్పును అడిగితే 8.0 అంటుంది. రీసెట్ తర్వాత ఈ చిప్పు 9 బిట్లతోనే జవాబు చెబుతుంది మరి, అర డిగ్రీకి ఒక మెట్టు. 12 బిట్లు కావాలని అతిథి, చిప్పు లోపల అమరికలు దాచే అర అయిన కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌లో రాసి మళ్లీ అడిగితే, అప్పుడు 8.25 అంటుంది.

ఒకటే గది, ఒకటే వేడి, ఎన్ని జవాబులో చూడండి. ఇందులో ఏ ఒక్కటీ తప్పు కాదు. నేను బయటినుంచి రాసింది గదిలోని గాలి. అతిథి చదివింది చిప్పు మాట. గాలికి, చిప్పు మాటకు మధ్య ఉండే తేడాను నమూనా ఉన్నదున్నట్టు నిలుపుకుంది. ఈ టెంపరేచర్ ప్రాపర్టీ రాసినవాళ్లు చేసిన మంచి పని అదే. రిజిస్టర్‌ను నేరుగా బయటపెట్టి, కావలసిన విలువ రాసుకోండి అని వదిలేయవచ్చు. అలా చేస్తే మా హద్దుల తప్పు దొరికేది కాదు. 8.3 రాసి 8.3 చదివి, అంతా బాగుందని ఇంటికి వెళ్లి పడుకునేవాళ్లం.

ఇంకో సంగతి. ఇక్కడ 200000 రాసి చూడండి, హద్దు దాటిందని తిప్పికొడుతుంది. మైనస్ 128 కంటే తక్కువైనా, 128 గానీ ఆ పైన గానీ అయినా ఒప్పుకోదు. ఒప్పుకున్న విలువైతే లోపల దాచుకుని ఊరుకోదు, హద్దులతో పోల్చి చూసి అలర్ట్ పిన్నును కదిలించాలో లేదో తేలుస్తుంది. అంటే ప్రాపర్టీ వేరియబుల్ కాదు. చదవడానికి ఒక ఫంక్షన్, రాయడానికి ఒక ఫంక్షన్ వెనకాల కూర్చున్న గుమ్మం. గుమ్మం దగ్గర ఎవరినీ నిలబెట్టకుండా తలుపు తీసి పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అయితే ప్రాపర్టీలన్నీ ఇలా ఎప్పుడు పడితే అప్పుడు మార్చుకునేవి కావు. ఇదే చిప్పుకు 'అడ్రస్' అని ఇంకో ప్రాపర్టీ ఉంటుంది. బస్ మీద దాని చిరునామా. అతిథి నడుస్తూ ఉండగా ఉష్ణోగ్రత మారాలి, అది దాని ధర్మం. చిరునామా మారకూడదు. బోర్డు మీద అది తీగలతో బిగించేసిన విషయం.

ఈ తేడా చూపడానికే క్యూఎములో డివైస్ పుట్టుకను రెండు దశలుగా విడదీశారు. మొదటిది ఇనిట్. వస్తువు తయారవుతుంది, ప్రాపర్టీలు వస్తాయి, ఎవరూ ఏమీ రాయకపోతే నిలిచే మామూలు విలువలు వాటికి ఉంటాయి. ఆ తర్వాత బోర్డు కోడు గానీ, కమాండ్ లైన్ అనే ఆదేశ వరుసలో మీరు గానీ ఆ విలువలను మార్చుకోవచ్చు. చివరికి 'రియలైజ్డ్' అనే ప్రాపర్టీని ఆన్ చేస్తే, అప్పుడు డివైస్ తన విలువలన్నీ సరిచూసుకుని నిజంగా యంత్రంలో భాగమవుతుంది. ఆ తర్వాత ఆకృతికి సంబంధించిన ప్రాపర్టీలు గడ్డకట్టుకుపోతాయి. రాయబోతే తప్పు చూపిస్తుంది. మార్కెట్లో కాంటా అయి తక్‌పట్టీ చేతికొచ్చాక బస్తా విప్పి ఇంకో గుప్పెడు కాయ పోస్తానంటే ఎవరు ఊరుకుంటారు? అలాంటిదే ఇది.

ఇనిట్‌లో ఏం చేయకూడదో నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒకప్పుడు నేను రాసిన ఒక డివైస్ ఇనిట్‌లోనే కంప్యూటర్ సీరియల్ పోర్టును తెరిచేసేది. బాగానే నడిచింది. ఒక రోజు మా కుర్రాడు ఆ డివైస్‌కు ఏయే ప్రాపర్టీలు ఉన్నాయో జాబితా అడిగాడు. జాబితా చెప్పడానికి క్యూఎము ఒక వస్తువును తయారు చేసి, ప్రాపర్టీలు చూసుకుని, పారేస్తుంది. వాడు జాబితా అడిగినప్పుడల్లా నా డివైస్ వెళ్లి సీరియల్ పోర్టును పట్టుకునేది. అవతల పరీక్షలో ఉన్న అసలు బోర్డుతో సంబంధం తెగేది. ఎందుకు తెగుతోందో కనిపెట్టడానికి మూడు రోజులు పట్టింది. పుట్టుకలో విఫలం కాకూడదు, బయటి ప్రపంచాన్ని ముట్టుకోకూడదు. అలాంటివన్నీ రియలైజ్‌లో చేయాలి. పుస్తకంలో రాసే ఉంది, చదవలేదంతే.

ఇక సంబంధాలు. అసలు చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా వెళ్తాను.

మొదట్లో క్యూఎములో ప్రతి డివైస్ తనకు తోచినట్టు రాసుకున్న కోడు. 2009లో పాల్ బ్రూక్ క్యూడెవ్ అనే పద్ధతి తెచ్చాడు. డివైస్‌లన్నింటికీ ఒకే చట్రం వచ్చింది, ఆదేశ వరుసలో ఒక డివైస్‌ను పేరుతో తగిలించడం వీలైంది. క్యూడెవ్ ఊహ సరళం. యంత్రం ఒక చెట్టు. డివైస్‌కు బస్ ఉంటుంది, బస్ మీద డివైస్‌లు ఉంటాయి, వాటికి మళ్లీ బస్‌లు. కొమ్మ, రెమ్మ, కొమ్మ, రెమ్మ. పీసీఐ కార్డులు, యూఎస్‌బీ పరికరాల వరకు ఇది చక్కగా కుదిరింది.

కుదరనివి చూడండి. క్యూఎములో 'పీసీ' అనే పాత యంత్రం 1996 నాటి ఇంటెల్ 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్‌కు నమూనా. అందులో పీఐఐఎక్స్3 అనే చిప్పు ఉంది. బోర్డు మీద అది ఒకే నల్లటి ముక్క. లోపల మాత్రం ఐఎస్ఏ వంతెన, హార్డ్ డిస్కు కంట్రోలర్, యూఎస్‌బీ కంట్రోలర్ మూడూ ఉన్నాయి. పీసీఐ బస్ కళ్లకు ఇవి మూడు వేర్వేరు ఫంక్షన్లు, అంటే వేర్వేరు పరికరాలు. బస్‌ల చెట్టు గీస్తే ఈ మూడూ నెట్‌వర్క్ కార్డు పక్కన వరుసగా తోబుట్టువుల్లా కూర్చుంటాయి. పీఐఐఎక్స్3 అనే చిప్పు ఆ బొమ్మలో ఎక్కడా కనిపించదు. మూడు గదులున్న ఇల్లు పోయి మూడు గదులు మాత్రం వీధిలో నిలబడ్డట్టు.

ఇంకోటి. మ్యూజిక్‌పాల్ అనే ఇంటర్నెట్ రేడియోకు క్యూఎములో నమూనా రాశారు. దానిలో శబ్దం పలికించే కోడెక్ చిప్పు డబ్ల్యూఎం8750. శబ్దం ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అనే ఆజ్ఞలు దానికి ఐ2సీ బస్ మీద వస్తాయి. అసలు శబ్దం మాత్రం ఆడియో కంట్రోలర్ నుంచి వేరే దారిలో వస్తుంది. చెట్టులో ఒక రెమ్మ రెండు కొమ్మలకు వేలాడదు. మరి ఆ చిప్పును ఎక్కడ పెడతారు?

ఇక్కడ నాకు మన చెరువులు గుర్తుకొస్తాయి. పాఖాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్దవాటిని వదిలేయండి. కాకతీయుల కాలం నుంచి మన పల్లెల్లో ఉన్న గొలుసుకట్టు చెరువుల సంగతి తీసుకోండి. పై ఊరి చెరువు నిండితే అలుగు పారుతుంది. ఆ నీళ్లు కింది ఊరి చెరువులో పడతాయి. అది నిండితే ఇంకో ఊరికి. ఇప్పుడు ఒక చెరువును చూపించి ఇది ఎవరిది అని అడిగితే రెవెన్యూ రికార్డు ఒకే ఊరి పేరు చెబుతుంది. చెరువు గర్భంలోని శిఖం భూమి ఫలానా ఊరి సర్వే నంబర్లలో ఉంది, అంతే. కానీ తూము కింద ఆయకట్టు పక్క ఊళ్లోకి పోయి ఉండవచ్చు. అలుగు నీళ్లు మూడో ఊరికి పోవచ్చు. రికార్డులో ఊరు మారనక్కరలేదు, నీళ్ల దారులు ఆగనక్కరలేదు. ఈ రెంటినీ ఒకే కాగితం మీద ఒకే గీతతో గీయబోతేనే తగాదా.

2011 చివర్లో ఆంథొనీ లిగోరి తెచ్చిన క్యూఓఎం, అంటే క్యూఎము వస్తు నమూనా, సరిగ్గా ఈ రెండు గీతలనూ విడదీసింది. మొదటిది చైల్డ్. ప్రతి వస్తువుకూ ఒకే ఒక తల్లి. తల్లి పోతే బిడ్డ పోతుంది. ఈ వరుసలో యంత్రమంతా ఒక చెట్టు, ప్రతి వస్తువుకూ ఫైలుకు ఉన్నట్టు ఒక చిరునామా. పీఐఐఎక్స్3లోని కంట్రోలర్‌లు పీఐఐఎక్స్3కే బిడ్డలుగా ఉండవచ్చు, పీసీఐ బస్ వాటిని ఎలా చూస్తేనేం? రెండోది లింకు. ఒక వస్తువు ఇంకో వస్తువును ఎరుగుదును అని చెప్పడం. సొత్తు కాదు, పరిచయం. మ్యూజిక్‌పాల్ ఆడియో కంట్రోలర్‌కు 'డబ్ల్యూఎం8750' పేరుతోనే ఒక లింకు ప్రాపర్టీ ఉంది. కోడెక్ ఐ2సీ బస్ మీదే ఉంటుంది, బోర్డు కోడు రియలైజ్‌కు ముందు ఆ లింకులో కోడెక్‌ను చూపిస్తుంది. అక్కడితో చిక్కు విడిపోయింది.

నాకు ఇందులో ముచ్చట గొలిపేది, లింకు కూడా ప్రాపర్టీయే కావడం. చైల్డ్ కూడా ప్రాపర్టీయే. ఉష్ణోగ్రతను ఏ ఆదేశంతో అడుగుతారో, ఎవరికి ఎవరు తెలుసు అనేది కూడా అదే ఆదేశంతో అడగవచ్చు. లింకుకు రకం ఉంటుంది, ఈ జాతి వస్తువునే ఇందులో పెట్టాలి అని. సీరియల్ పోర్టును తెచ్చి కోడెక్ స్థానంలో పెట్టబోతే ఒప్పుకోదు.

మానిటర్‌లో రెండు ఆదేశాలు ఉన్నాయి, ఇంటికి వెళ్లాక వాడి చూడండి. 'ఇన్ఫో క్యూట్రీ' బస్‌ల చెట్టు చూపిస్తుంది. 'ఇన్ఫో క్యూఓఎం-ట్రీ' సొత్తు చెట్టు చూపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి అదే డివైస్ ఎక్కడెక్కడ ఉందో వెతకండి. నేను గంట చెప్పినా రాని స్పష్టత అందులో వస్తుంది.

సొత్తు చెట్టులో మీకు ఒక గది కనిపిస్తుంది, దాని పేరు 'అనటాచ్డ్'. ఆదేశ వరుసలో మీరు పేరు పెట్టి తగిలించిన డివైస్ 'పెరిఫెరల్' కిందికి వెళ్తుంది. పేరు పెట్టకుండా తగిలిస్తే 'పెరిఫెరల్-ఎనాన్' కిందికి. బోర్డు కోడు పుట్టించి, తల్లి ఎవరో చెప్పడం మరచిపోయిన డివైస్‌లన్నీ ఈ అనటాచ్డ్‌లోకి వస్తాయి. వాటికి పేరు ఉండదు, డివైస్ సున్నా, డివైస్ ఒకటి అని వరుస నంబర్లు ఉంటాయి. ఎవరైనా మధ్యలో ఇంకో డివైస్ చేర్చితే నంబర్లన్నీ జరుగుతాయి. నంబరు నమ్ముకుని రాసిన పరీక్షలన్నీ కూలుతాయి. కొత్త బోర్డు నమూనా ఎవరైనా చూపించి బాగుందా అని అడిగితే నేను మొదట చూసేది ఈ గదినే. ఎంతమంది అనాథలున్నారో లెక్కపెడతాను.

ఇంకో రకం పరిచయం ఉంది. అతిథికి కనిపించే ముఖం ఒకటి, ఇటువైపు మన కంప్యూటర్‌లో పని చేసే చెయ్యి ఒకటి. అతిథికి నెట్‌వర్క్ కార్డు కనిపిస్తుంది. ఆ కార్డు ఇచ్చే డేటా పొట్లాలను నిజంగా బయటికి పంపేది వేరే వస్తువు. అలాగే మెమరీ. అతిథికి పీసీ-డిమ్ అనే మెమరీ పలక కనిపిస్తుంది. నిజంగా చోటు ఇచ్చేది మెమరీ బ్యాకెండ్ అనే ఇంకో వస్తువు. పలకకు 'మెమ్‌డెవ్' అనే లింకు ఉంటుంది, అది బ్యాకెండ్‌ను చూపిస్తుంది. ఇలా విడదీస్తే అదే పలకకు ఒకరు మామూలు మెమరీ ఇవ్వవచ్చు, ఇంకొకరు ఫైలు మీద నిలిచే మెమరీ ఇవ్వవచ్చు. అతిథికి తేడా తెలియదు. కానీ ఒకే బ్యాకెండ్‌ను రెండు పలకలకు చూపిస్తే? లింకు రకం సరిపోయింది, అయినా తప్పే. ఇది ఇప్పటికే వాడుకలో ఉంది అని రియలైజ్ సమయంలో క్యూఎము ఆపేస్తుంది. పరిచయం ఎంతమందితో ఉండవచ్చు అనేది లింకు చెప్పదు, దాన్ని మీరే చూసుకోవాలి.

చెరువు పోలిక ఇక్కడితో ఆగిపోతుందని కూడా చెప్పాలి. చెరువు ఎక్కడికీ పోదు. డివైస్ మాత్రం యంత్రం నడుస్తుండగానే పోవచ్చు. నెట్‌వర్క్ కార్డును తీసేయమని మీరు ఆదేశం ఇచ్చారనుకోండి. పీసీఐలో అది కేవలం విన్నపం. లోపలి అతిథి ఒప్పుకుని వదిలేస్తే అప్పుడు డివైస్ పోతుంది, పోయిందని ఒక కబురు వస్తుంది. ఆ కబురు రాకముందే పోయిందనుకుని అదే పేరుతో ఇంకోటి తగిలించబోయి భంగపడ్డవాళ్లు మన మధ్యే ఉన్నారు. చేతులెత్తక్కరలేదు.

అలా పోయే వేళ పరిచయాల లెక్క తేలాలి. ప్రతి వస్తువు దగ్గర ఎంతమంది తనను పట్టుకుని ఉన్నారో ఒక లెక్క ఉంటుంది. తల్లి బిడ్డను పట్టుకుంటుంది. గట్టి లింకు ఉన్నవాళ్లు కూడా పట్టుకుంటారు. లెక్క సున్నాకు దిగితేనే వస్తువు కరిగిపోతుంది. బిడ్డ కూడా తల్లి మీద ఒక గట్టి లింకు పెట్టుకుందా, అయిపోయింది. తల్లి కోసం బిడ్డ, బిడ్డ కోసం తల్లి పట్టుకుని ఇద్దరూ మెమరీలో శాశ్వతంగా ఉండిపోతారు. బిడ్డకు తల్లి కావాలంటే మామూలు పాయింటర్ చాలు. తల్లి ఉన్నంతసేపే కదా బిడ్డ.

రీసెట్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను, అది తనంతట తానే ఒక ప్రసంగం. రీసెట్ నొక్కితే అది సొత్తు చెట్టు వెంట కాక, ఇప్పటికీ ఎక్కువగా బస్‌ల చెట్టు వెంట నడుస్తుంది. ఒక డివైస్ రీసెట్ అవుతూ తన అంతరాయ (ఇంటరప్ట్) తీగను మార్చిందనుకోండి. ఆ తీగ చివర ఉన్న పక్కవాడు రీసెట్ అయ్యాడో లేదో ఎవరికి తెలుసు? అయి ఉంటే ఆ మార్పును పట్టుకుంటాడు, కాకపోతే తన రీసెట్‌లో మరచిపోతాడు. వరుస మారితే ఫలితం మారుతుంది. అందుకే 2020లో రీసెట్‌ను మూడు దశలు చేశారు. మొదట అందరూ లోపలి స్థితిని సరిచేసుకోవాలి, ఎవరూ ఎవరినీ పలకరించకూడదు. తర్వాత తీగల మీద విలువలు పెట్టాలి. చివర రీసెట్ నుంచి బయటికి రావాలి. పలకరింపు లేని ఒక్క క్షణం దొరికేసరికి ఎన్నో వరుస తగాదాలు తీరాయి.

ఇక పేర్లు. ఒకసారి బయటపెట్టిన ప్రాపర్టీ పేరు మీది కాదు. ఎవరో ఎక్కడో దాన్ని తమ స్క్రిప్టులో రాసేసుకుంటారు. ఇంకా ఖాయం కాలేదు, నమ్ముకోకండి అని చెప్పాలనుకుంటే క్యూఎములో పేరు ముందు 'ఎక్స్' పెట్టి అడ్డగీత గీస్తారు. మంచి ఆచారం. మంచిది కానిది కూడా ఒకటి చెబుతాను. ఎమ్యులేటర్లలోని అతిథుల కోసమే రూపొందించిన వర్చుఐఓ పీసీఐ డివైస్‌లకు 'డిసేబుల్-మోడర్న్' అనే ప్రాపర్టీ ఉంది. కొత్త పద్ధతి కావాలంటే దాన్ని ఆఫ్ చేయాలి. అంటే వద్దు అనడం వద్దు అని చెప్పాలి. కారణం లేకపోలేదు గానీ, రాత్రి పదకొండింటికి చదివేవాడి బుర్ర ఒక్కసారి గిర్రున తిరుగుతుంది. ప్రాపర్టీ పేరు ఏది ఉందో చెప్పాలి, ఏది లేదో కాదు. నా పట్టింపు అనుకున్నా సరే.

పేరుకంటే ప్రమాదకరం మామూలు విలువ. నేను ఒకప్పుడు పని చేసిన చోట మేమే రాసుకున్న డివైస్ ఒకటి ఉండేది. దానికి పనులు వేచి ఉండే వరుసలు (క్యూలు) ఎన్ని అనే ప్రాపర్టీ, మామూలు విలువ 2. వేగం పెరుగుతుందని నేను దాన్ని 4 చేశాను. ఒక అంకె మార్చాను, పరీక్షలన్నీ నెగ్గాయి. మర్నాడు పాత యంత్రాల స్థితిని దాచిపెట్టిన స్నాప్‌షాట్లు ఒక్కటీ తెరుచుకోలేదు. పాత స్నాప్‌షాట్‌లో రెండు వరుసల స్థితి ఉంది, కొత్త డివైస్ నాలుగు కావాలని కూర్చుంది. ఆ విలువ ఎవరూ రాయలేదు కాబట్టి ఎవరికీ పట్టదు అనుకున్నాను. ఎవరూ రాయకపోవడం వల్లే అందరికీ పట్టింది.

క్యూఎము దీనికి వెతుక్కున్న దారి యంత్రాలకు సంచిక (వెర్షన్) నంబర్లు ఇవ్వడం. క్యూఎములో ఇంకా ఉన్న ఒక పాత సంచిక నంబరు పెట్టి పీసీ యంత్రాన్ని అడిగితే, ఈ రోజు క్యూఎములో నడుస్తున్నా, ఆ సంచిక నాటి మామూలు విలువలే డివైస్‌లకు వస్తాయి. మామూలు విలువ మార్చినవాళ్లు పాత విలువను ఆ పాత సంచికల జాబితాలో రాసిపెట్టాలి. ప్రాపర్టీల మీదే ఈ ఏర్పాటంతా నడుస్తుంది. విలువను కోడులో పాతిపెట్టి, ప్రాపర్టీగా చేయకపోతే పాత యంత్రానికి తిరిగి ఇవ్వడానికి పేరంటూ ఉండదు.

సమయం అయిందని చీటీ పంపారు. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక విద్యార్థిని: పరీక్షలకు వీలుగా ఉంటుంది కదా సర్, డివైస్‌లో ఉన్న ప్రతి విలువకూ ప్రాపర్టీ పెట్టేస్తే ఏమిటి నష్టం?)

మొదటి నెల ఏ నష్టమూ ఉండదమ్మా. ఏడాది తర్వాత లోపలి ఏర్పాటు మార్చాలనుకుంటారు, అప్పుడు మీ పరీక్షలే అడ్డం పడతాయి. నేను ఒక ప్రశ్న వేసుకుంటాను. అసలు బోర్డు మీద ఈ విలువను బయటివాడు ఎలా మారుస్తాడు? గాలి మారి, జంపర్ పెట్టి, తీగ తగిలించి, స్విచ్ నొక్కి. జవాబు దొరికితే అది ప్రాపర్టీ. అతిథి రిజిస్టర్‌లో రాస్తే తప్ప మారదు అంటే, పరీక్ష కూడా అతిథిలాగే వెళ్లి రిజిస్టర్‌లో రాయాలి.

(ఇంకొకరు: మిర్చి గోదాము బోర్డు వచ్చిందా?)

వచ్చింది, ఆరు అన్నది ఎనిమిదో వారంలో. ప్రోగ్రామ్ ఎక్కించాం. హద్దులు సరిగ్గానే పడ్డాయి, ఉష్ణోగ్రత సరిగ్గానే చదివింది. కానీ కరెంటు ఇచ్చిన క్షణం నుంచీ కూత. గది చల్లబడితే కూత, వేడెక్కితే నిశ్శబ్దం. ఎమ్యులేటర్‌లో అలర్ట్ పిన్నును మేం నేరుగా ప్రాసెసర్ పిన్నుకు కలిపాం. బోర్డు మీద ఆ రెంటి మధ్య ఒక ట్రాన్సిస్టర్ ఉంది, అది సంకేతాన్ని తిరగేస్తుంది. బోర్డు గీసింది మా ముగ్గురిలోనే ఒకరు, నమూనా రాసింది నేను, ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. నమూనాలో తిరగేసే తీగను పెట్టడానికి ఒక్క వరుస చాలింది. ఇప్పుడు ఆ వరుస పక్కన వ్యాఖ్యలో బోర్డు మీద ఆ ట్రాన్సిస్టర్ నంబరు రాసి ఉంటుంది.